లమార్ పడిన చోటు

లమార్ ప్రూయిట్ చనిపోయి ఏడాదిన్నర దాటింది. అయినా ఓటింగు జరిగే ఆ ఏడు ఎండాకాలం నుంచీ లారెల్ ఫోర్క్‌లో అతని మొహం కనబడని వీధి లేదు. ఇంటింటి ముందు గడ్డిలో ఇనప చువ్వలతో గుచ్చిన బోర్డులు, బోర్డు మీద లమార్ నవ్వు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో అది. మొహం కింద "నలభై నిమిషాలు" అని పెద్ద అక్షరాలు, వాటి కింద "మన సిటీ మనకే. అవునని ఓటెయ్యండి" అని చిన్న అక్షరాలు. బతికున్నప్పుడు ఓట్లవాళ్ళు తలుపు కొడితే టీవీ గొంతు నొక్కి, ఇంట్లో ఎవరూ లేనట్టు కూర్చునే మనిషి. చచ్చాక ఊరందరి గుమ్మాల ముందూ నిలబడి ఓట్లడుగుతున్నాడు.

నలభై నిమిషాలంటే, గుండె పట్టుకుని కూలబడ్డ లమార్ దగ్గరికి జిల్లాకేంద్రం నుంచి కౌంటీ అంబులెన్సు రావడానికి పట్టిన సేపు. అంతకు ముందు లారెల్ ఫోర్క్‌లోనే ఒక అంబులెన్సు ఉండేది. పొదుపు పేరు చెప్పి కౌంటీ పెద్దలు దాన్ని ఎత్తేశారు. ఆ పొదుపు చేసిన ఏడే తమ ఆఫీసుల ముందు ఇటుకల కాలిబాటలూ, రంగు దీపాల ఫౌంటెనూ కట్టించుకున్నారు. లమార్ భార్య వెర్నా నల్లబట్టలు తియ్యకముందే వెళ్ళి వాళ్ళని అడిగింది. "మీ బాధ మాకు అర్థమైందమ్మా. తరవాతి వాళ్ళని రానివ్వండి" అన్నాడు అక్కడి పెద్దమనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆ మాటకి రగిలిన మంట వెర్నా కడుపులో ఇంకా ఆరలేదు. ఆరాలని ఆమె కోరుకోనూ లేదు.

లారెల్ ఫోర్క్ పేరుకే ఊరు. మేయరు లేడు, మున్సిపాలిటీ లేదు. పన్నులు కౌంటీకి వెళ్తాయి, వెళ్ళినవి మళ్ళీ ఈ దారి పట్టవు. దొంగతనం జరిగిన మర్నాడు పోలీసొస్తాడు. రోడ్డు గుంతలో పడి చక్రం పగిలితే ఫిర్యాదు చెయ్యడానికి కూడా కారులోనే వెళ్ళాలి. అందుకే "మనమే ఒక సిటీ అయిపోదాం, మన పన్ను మనమే ఖర్చు పెట్టుకుందాం, మన పోలీసు, మన అంబులెన్సు" అని డాక్టర్ బ్రాంట్లీ మొదలెట్టినప్పుడు, అందరికన్నా ముందు చెయ్యెత్తింది వెర్నా. పన్నులు పెరుగుతాయని ఎవరన్నా నసిగితే, "పెరగనీ. నా మొగుడి కంటే ఎక్కువా?" అనేది. ఆ తరవాత ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

డాక్టర్ బ్రాంట్లీ పళ్ళ డాక్టరు. మీటింగుల్లో ఒక్కొక్కరికి రెండే నిమిషాలు, అది దాటితే గంట కొడతారు. మొగుడి చావుని రెండు నిమిషాల్లో ఎలా చెప్పాలో వెర్నాకి ఆయనే దగ్గరుండి నేర్పించాడు.

"ఆయన రాస్కోతో డామినోలు ఆడుతున్నాడండీ..." అని ఆమె మొదలెట్టగానే ఆపేశాడు.

"డామినోలు వద్దు వెర్నా గారూ. జూదమనుకుంటారు. రాస్కో ఎవరో కూడా జనానికి తెలీదు. ఒకరోజు మధ్యాహ్నం లమార్ కుప్పకూలారు, అని మొదలెట్టండి. సూటిగా."

ఆమె సూటిగానే మొదలెట్టింది. చర్చిల్లో, బడుల్లో, ఎవరి వంటింట్లో నలుగురు కూడితే అక్కడ, రెండు నిమిషాల్లో లమార్‌ని చంపుతూ వచ్చింది. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు, బోర్డు పట్టుకెళ్ళేవాళ్ళు.

ఓటింగు ఇంక వారం రోజుల్లోకి వచ్చాక లమార్ చెల్లెలు ఐరిస్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చి వెర్నా వంటింటి బల్ల మీద పడేసింది. ఐరిస్ ఇల్లు రెండిళ్ళవతలే. తెల్లారి కాఫీ తన ఇంట్లో తాగినా, మాటలకి మాత్రం వదిన ఇంటికే వస్తుంది.

"మ్యాపులు, వదినా. మన వీధిలో పంచమన్నారు. ఎవరెక్కడ ఓటెయ్యాలో కూడా వేశారు. అబ్బ, చేతులు పడిపోయాయి. ఆ ఐసు టీ ఉంటే కాస్త పొయ్యి."

వెర్నా టీ పోసిచ్చి, మ్యాపు ఒకటి విప్పింది. కొత్త సిటీ చుట్టూ నీలం గీత. తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంది, దొరికింది. అక్కణ్ణించి వేలు మెల్లగా కెటిల్ రోడ్డు దాకా జరిపింది. నీలం గీత ఆ రోడ్డు నడిమధ్యన పోతోంది. మొదటిసారి డాక్టరు చూపించిన మ్యాపులో గీత రోడ్డు దాటి, విల్లో కోర్ట్ అపార్ట్‌మెంట్లు దాటి, వాగు దాకా వెళ్ళింది. ఆమెకి బాగా గుర్తు.

"విల్లో కోర్ట్ ఏదే?"

ఐరిస్ టీ గ్లాసులోకి చూసింది. "అది తీసేశార్ట. మార్చిలో రాష్ట్రం వాళ్ళు మన సిటీకి చట్టం చేసినప్పుడే మారిందంట. నేనూ నిన్ననే విన్నా."

"తీసెయ్యడానికి అదేవన్నా కూరలో కరివేపాకా? వెయ్యి మంది మనుషులే."

"నన్నంటావేం వదినా, గీత నేను గీశానా?" అంది ఐరిస్. "అందరూ అద్దెకుండేవాళ్ళు. పన్ను తక్కువొస్తుంది, అంబులెన్సు పిలుపులు ఎక్కువొస్తాయి. వాళ్ళుంటే లెక్క కుదరదన్నారు. మనకంటూ ఏదో ఒకటి రావాలిగా ముందు."

వెర్నా మ్యాపు మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. పెట్టె అలాగే ఉంది. ఐరిస్ వెనక నుంచి ఏదో అంటూనే ఉంది, ఆమె వినిపించుకోలేదు.

విల్లో కోర్ట్ ముందు ఒక లాండ్రీ ఉంది. దాని చూరు కింద చెక్కబల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. శనివారం మధ్యాహ్నాలు అక్కడ చుక్కల డామినో బిళ్ళలు బల్ల మీద ఫెడేలుమని కొడుతుంటే, లోపల మిషన్ల చప్పుడు కూడా వినబడదు. రాస్కో బీల్ ఒక్కడే కూర్చుని బిళ్ళలు కలుపుతున్నాడు. టైర్ల షాపులో పని చేస్తాడు. ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోదు. లమార్‌తో పదిహేనేళ్ళు ఇదే బల్ల మీద పోట్లాడాడు. బోర్డులు లేచిన ఎండాకాలం నుంచీ వెర్నా ఇంటి వైపు రావడం మానేశాడు. పనిలో మునిగి ఉంటాడని ఆమె అనుకుంది.

వెర్నా మ్యాపు తీసి అతని ముందు పరిచింది. అతను దాని వంక చూడలేదు.

"తెలుసక్కా. ఎప్పుడో తెలుసు."

"తెలిస్తే నాతో ఒక్క ముక్క అనవేంరా?"

"నీకూ తెలుసనుకున్నా." బిళ్ళలు ఒక్కొక్కటీ నిలబెడుతున్నాడు. "ఊరంతా లమార్ బొమ్మలాయె. నీకు తెలీకుండా పెడతారనుకోలేదు. నీదగ్గరికొచ్చి ఏమని అడగను? అక్కా, నన్ను బయటికి తోసేశారు, నువ్వూ ఓ చెయ్యేశావా, అనా?"

వెర్నా మ్యాపు మడిచేసింది. "పోనీ మీరంతా కలిసి వద్దని ఓటెయ్యండి. అంతమంది ఉన్నారు."

రాస్కో నవ్వాడు. "మాకు ఓటేది? గీత లోపలున్నవాళ్ళకే ఓటు. బయటికి పొమ్మంటున్నది మమ్మల్ని, ఆ ముక్క తేల్చేది మీరు. మనింట్లో పిల్లిని ఎవరన్నా అడిగి వదిలేస్తారా?"

ఆమె కుర్చీలో కూలబడింది. అది లమార్ కుర్చీయే. రోడ్డుకి ఎదురుగా వేసుకుని కూర్చునేవాడు, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పలకరించొచ్చని. అక్కణ్ణించి చూస్తే, కెటిల్ రోడ్డుకి అవతల, బ్యాంకు ముందు గడ్డిలో వరసగా బోర్డులు. లమార్ నవ్వుతూ నేరుగా ఇటే చూస్తున్నాడు. ఈ కుర్చీనే చూస్తున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకి. లమార్ పడింది ఇక్కడే. ఈ చూరు కింద, ఈ కుర్చీలోంచి పక్కకి ఒరిగి, ఈ సిమెంటు మీద. రాస్కో అతని గుండె మీద రెండు చేతులూ వేసి అదిమింది ఇక్కడే. చేతులు పడిపోతున్నా, చెమట కళ్ళలోకి కారుతున్నా, పక్కటెముక విరిగిన చప్పుడు విని ఏడుస్తూ కూడా ఆపకుండా అదిమాడు. కబురు తెలిసి వెర్నా పరిగెత్తుకొచ్చాక కూడా ఇంకా అదుముతూనే ఉన్నాడు. మర్నాడు చెంచా ఎత్తడానికి కూడా అతని చేతులు లేవలేదు.

ఈ చోటు గీతకి బయటుంది.

ఏడాదిగా తను గొంతు చించుకుని అడుగుతున్న అంబులెన్సు, రేపు నిజంగా వచ్చినా, లమార్ పడిన చోటికి రాదు. రోడ్డు మధ్యలో దానికి హద్దు. అతని చావు చూపించి కొంటున్న బండి, అతన్ని ఇక్కడే వదిలేసి ఉండేది. శవం మీద పేలాలు ఏరుకోవడం అంటే ఏమిటో వెర్నాకి ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసొచ్చింది. ఏరుకునేవాళ్ళకి చేట పట్టింది తనే అని కూడా తెలిసొచ్చింది.

అట్నించి అటే డాక్టరు క్లినిక్కుకి వెళ్ళింది. ఆయన ఒకావిడ నోట్లో చెయ్యి పెట్టి ఉన్నాడు. వెర్నా ఆగలేదు.

"విల్లో కోర్ట్‌ని ఎందుకు తీసేశారు?"

"వెర్నా గారూ, పేషెంటున్నారు..."

"ఉండనివ్వండి. ఆవిడా ఓటరే. వింటారు."

ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. డాక్టరు చేతి తొడుగులు తీసి నిట్టూర్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిరాకు. చెడ్డవాడైతే తిట్టి రావడం తేలిక.

"నేను వాళ్ళని ఉంచాలనే చూశానమ్మా. ఖర్చుల లెక్క వేయించాం. వాళ్ళుంటే మొదటి ఏడే సిటీ దివాలా తీస్తుందన్నారు. లెక్క తేలకపోతే చట్టమే రాదు. చట్టం రాకపోతే ఎవరికీ అంబులెన్సు లేదు, మీ వీధికీ లేదు. ఒక్క పన్ను పీకితే మిగతా నోరు నిలబడుతుందంటే, పీకాలి కదా. వాళ్ళని తరవాత కలుపుకుందాం."

"తరవాత ఎప్పుడు?"

"మనం నిలదొక్కుకున్నాక."

"నాకు చెప్పలేదేం?"

డాక్టరు కొత్త తొడుగులు తొడుక్కున్నాడు. "మీరు బాధపడతారని" అన్నాడు.

"ఓహో" అంది వెర్నా. "గురువారం మీటింగులో నా పేరు చివర ఉందిగా. అలాగే ఉంచండి. వస్తాను."

డాక్టరు మొహం విప్పారింది. గొడవ చల్లారిందనుకున్నాడు. పళ్ళు పీకేవాళ్ళకి మత్తుమందు మీద నమ్మకమెక్కువ.

గురువారం చర్చి భోజనాల హాలు కిటకిటలాడింది. ఒక మూల బల్ల మీద వేయించిన చేపలూ, మొక్కజొన్న రొట్టే. మరో మూల గోడకి మ్యాపు, తలుపంత ఎత్తు. వేదిక మీద డాక్టరూ, ఆయన కమిటీ. మైకు పక్కన గడియారం, గంట. రాస్కో పని బట్టల్లోనే వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీలు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. ముందు మాట్లాడినవాళ్ళంతా పోలీసుల గురించీ, గుంతల గురించీ, కౌంటీ దోపిడీ గురించీ మాట్లాడారు. వాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. వెర్నా కూడా చప్పట్లు కొట్టింది.

చివర్న ఆమెని పిలిచినప్పుడు హాలంతా లేచి నిలబడింది. వెర్నా మైకు ముందుకొచ్చింది.

"నా రెండు నిమిషాలూ రాస్కో బీల్‌కి ఇస్తున్నాను. అదుగో వెనకాలున్నాడు. మా ఆయన ఆఖరి ఊపిరిదాకా పక్కనున్నది అతనే. అతను చెప్తాడు."

రాస్కో కదిలాడు. డాక్టరు మైకులోకి వంగాడు. "నిబంధన ఒకటుందండీ. గీత లోపల ఉండేవాళ్ళకే మాట్లాడే అవకాశం. ఒకరి సమయం ఒకరికి ఇవ్వొచ్చు గానీ, బయటివాళ్ళకి ఇవ్వకూడదు. క్షమించాలి. మీరే మాట్లాడండి."

రాస్కో ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. గడియారం తిరుగుతోంది.

"సరే" అంది వెర్నా. "డాక్టరు గారూ, ఎండాకాలం నుంచీ మా ఆయన మొహం ఊరంతా పాతారు. ఆ మ్యాపు మీద ఆయన పడిన చోటు చూపించండి."

డాక్టరు నవ్వబోయి మానేశాడు. లేచి మ్యాపు దగ్గరికి వెళ్ళి, వెర్నా ఇల్లు వెతికి, దాని మీద వేలు పెట్టాడు.

"ఇంట్లో కాదు."

వేలు చర్చి మీదికి జరిగింది.

"అక్కడా కాదు."

బ్యాంకు మీదికి జరిపి, ఆమె మొహంలోకి చూశాడు. హాల్లో ఎవరో దగ్గారు. ఆయనకి తెలియదని అందరికీ అర్థమైంది.

"ఏడాది నుంచీ ఆ చావు మీద తిరుగుతున్నారు. ఎక్కడ పోయాడని ఒక్కరన్నా అడిగారా?" వెర్నా మైకు వదిలి మ్యాపు దగ్గరికి నడిచింది. నీలం గీత అవతల, ఏ రంగూ వెయ్యని తెల్లకాగితం మీద వేలు పెట్టింది. "ఇక్కడ. లాండ్రీ ముందు. ఆ బోర్డుల్లో రాసిన నలభై నిమిషాలూ ఇక్కడే గడిచాయి. మీ అంబులెన్సు ఇక్కడికి రాదు. రాకుండా మీరే గీత గీశారు."

"మనవాడైతే వెళ్ళదా ఏంటి?" అన్నారెవరో ముందు వరసలోంచి.

"గుండె పట్టుకుని పడ్డవాణ్ణి ముందు చిరునామా అడుగుతారా? లమార్ పక్కన రాస్కో పడితే ఏం చేస్తారు? ఒకణ్ణి ఎక్కించుకుని ఒకణ్ణి దాటుకుపోతారా?"

గంట మోగింది. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. కమిటీలో ఒకాయన గంట మళ్ళీ కొట్టాడు.

"కొట్టండి. నేను నలభై నిమిషాలాగాను. మీరు కాసేపాగండి. కౌంటీ వాడు నా మొగుణ్ణి డబ్బు లెక్కేసి చంపాడు. వాణ్ణి వదిలించుకుందామని మీ వెంట నడిస్తే, మీరూ అదే లెక్క తీశారు. వాడి లెక్కలో మనమందరం బయటున్నాం. ఇప్పుడు మనకో పెన్సిలు దొరికింది, మన కింద ఇంకొకణ్ణి బయటికి గీశాం. రేపట్నుంచి ఒక్క బోర్డు మీద కూడా లమార్ కనబడకూడదు. కనబడితే నేనే పీకుతాను."

చప్పట్లు లేవు. ఆమె దారిలో రాస్కో మోచెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది. వెనక ఐరిస్ ఒక్కతే లేచి, కూర్చోనూ లేక నడవనూ లేక నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే కౌంటీ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, మెళ్ళో టై, చేతిలో పువ్వులు. సిటీ వద్దనే వాళ్ళ తరఫున కొత్త బోర్డులు వేయిస్తున్నామనీ, "ఆయన ఫొటో మీరిప్పిస్తే..." అనీ గుమ్మంలోనే మొదలెట్టాడు. వెర్నా అతన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. పువ్వులు అతని చేతిలోవి అతని చేతిలోనే ఉండగా, గుమ్మం నుంచి కారు దాకా తిట్టుకుంటూ సాగనంపింది. దొందూ దొందే అని ఆమె నిన్ననే అనుకుంది. ఇవాళ సాక్ష్యం కూడా ఇంటికొచ్చింది.

ఆ మధ్యాహ్నం రాస్కో ట్రక్కులో ఇద్దరూ వీధివీధీ తిరిగి బోర్డులు పీకారు. కొందరు తామే తీసి ఇచ్చారు. కొందరు తలుపేసుకున్నారు. ఒకాయన పోలీసుల్ని పిలుస్తానన్నాడు. "పిలవండి, రేపటికొస్తారు" అంది వెర్నా. ట్రక్కు వెనక లమార్ మొహాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుపోయాయి.

సాయంత్రం ఐరిస్ వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది గానీ టీ అడగలేదు.

"వాడు నాకు అన్న, వదినా. నీ ఒక్కదాని మొగుడే కాదు. నేను అవుననే ఓటేస్తాను. రేపు నాకు గుండె ఆగితే ఎవరొస్తారో నాకు కావాలి. నేను పడేది గీత లోపలే."

"వెయ్యవే. నీ ఓటు నీది. నీ భయం అబద్ధమని నేననను. ఎక్కడ పడతావో ముందే తెలిసినదానివి నువ్వొక్కదానివే ఉన్నావు ఈ ఊళ్ళో, అంతే."

ఓటింగు రోజు ఇద్దరూ ఒకే కారులో వెళ్ళారు. ఒకరు అవునని, ఒకరు కాదని వేసి, ఒకే కారులో తిరిగొచ్చారు.

లారెల్ ఫోర్క్ సిటీ అయింది. పెద్ద తేడాతో కాదు, కానీ అయింది. టపాకాయలు కాల్చారు. కొన్నాళ్ళకి డాక్టర్ బ్రాంట్లీ మొదటి మేయరుగా గెలిచాడు. గెలిచిన వారంలో వెర్నా ఇంటికొచ్చాడు, భార్య చేసిన వెన్న కేకు రెండు చేతుల్లో పట్టుకుని. అది శనివారం. వెర్నా అప్పుడే చెప్పులేసుకుని వరండాలోకి వస్తోంది.

"గతం గతః అనుకోవాలి వెర్నా గారూ" అన్నాడు. "మీకో మంచి కబురు. మన సొంత అంబులెన్సు స్టేషను కట్టబోతున్నాం, బ్యాంకు పక్కనే. దానికి లమార్ ప్రూయిట్ స్టేషన్ అని పేరు పెడదామని అందరం ఒక్క మాట మీద ఉన్నాం. మీరు వచ్చి రిబ్బన్ కత్తిరించాలి."

తిట్టడానికి వెర్నా నోట్లో ఎన్నో మాటలున్నాయి, ఒక్కటీ ఆయనకి సరిపోలేదు.

"పేరు పెట్టుకోండి. కాకపోతే స్టేషను రోడ్డు అవతల కట్టండి."

"అవతల ఎలా కడతామండీ?" డాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది మన సిటీ కాదు కదా."

"మా ఆయన పోయింది కూడా మీ సిటీలో కాదు" అంది వెర్నా. ఆయన్నీ కేకునీ తప్పుకుని మెట్లు దిగింది. కెటిల్ రోడ్డు దగ్గర కార్లు పోయేదాకా ఆగి, అవతలికి దాటింది. లాండ్రీ చూరు కింద అప్పటికే ఆట మొదలైంది.